పాత గద్వాల చీరకు 18,000 రూపాయలు: ఆ ధర ఎక్కడి నుంచి వచ్చింది, ఏం చూసి కొనాలి

మహబూబ్‌నగర్ నుంచి ఒక సోదరి అడిగిన ప్రశ్న ఇది. హైదరాబాద్‌లోని ఒక పెద్ద బట్టల దుకాణంలో "వింటేజ్" అని రాసి అద్దాల అరలో విడిగా పెట్టిన గద్వాల చీరను ఆమె చూశారు. దాని చీటీ మీద 18,000 రూపాయలని ఉంది. ఇంచుమించు అలాంటి చీరే తన నాయనమ్మ బీరువాలో ఒకటి ఉందనీ, పదిహేనేళ్ల కింద ఊళ్లోకి వచ్చిన పాత చీరల మనిషి దాన్ని 600 రూపాయలకు అడిగితే నాయనమ్మ ఇవ్వలేదనీ రాశారు. ఈ రెండు ధరలకు ఇంత తేడా ఎందుకు, దుకాణంలోని చీర ఆ ధర చేస్తుందా, నాయనమ్మ చీరను ఇప్పుడు ఏం చేయాలి అని ఆమె అడిగారు.

నేను నల్లగొండలో ముప్పై నాలుగేళ్లుగా చేనేత బట్టల వ్యాపారం చేస్తున్నాను. అంతకు ముందు మా నాన్నగారు చేశారు. గద్వాల, నారాయణపేట, పుట్టపాక, పోచంపల్లి నేతగాళ్ల ఇళ్లకు వెళ్లి సరుకు తెచ్చుకోవడం మాకు అలవాటు. ఆ అనుభవంతో ముందుగా సూటిగా జవాబు చెబుతాను. ఆనాటి 600 రూపాయలు ఆ చీరలోని వెండికి కట్టిన ధర. చీరకు అందులో ఏమీ కట్టలేదు. నేటి 18,000 రూపాయల్లో కొంత ఆ చీర దొరకడం కష్టమైనందుకు, కొంత దుకాణం పెట్టిన ఖర్చులకు, మిగిలింది అరమీద రాసిన ఆ ఒక్క మాటకు పోతుంది. మొదటి రెండింటికీ డబ్బు పెట్టడంలో తప్పు లేదు. మూడోదానికి ఎంత పోతోందో తెలియాలంటే చీరను విప్పించి, తిరగేసి, చేత్తో తడిమి చూడాలి. ఎలా చూడాలో చెప్పేముందు ఈ చీరలు ఎందుకు అరుదయ్యాయో చెప్పాలి, ఎందుకంటే ధరకు మూలం అక్కడే ఉంది.

అసలైన జరీ అంటే పట్టు దారానికి సన్నటి వెండి తీగను చుట్టి, దానికి బంగారు పూత పూసినది. సూరత్ నుంచి వచ్చే ఆ జరీనే మన గద్వాల నేతగాళ్లు అంచులకు, కొంగుకు వాడేవారు. చీర పాతబడి మడతల దగ్గర పట్టు పిగిలిపోయినా వెండి మాత్రం అలాగే ఉంటుంది. దాన్ని ఎరిగినవాళ్లు "పాత జరీ చీరలు కొంటాం" అని కేకేసుకుంటూ ఊరూరా తిరిగేవారు. చీర నేత ఎంత బాగుందో, కొంగు మీద హంసలు ఎంత పొందికగా ఉన్నాయో వారికి అక్కర లేదు. అంచును చేత్తో తూచినట్టు పట్టుకుని, గోటితో గీకి, ఒక ధర చెప్పేవారు. తరువాత అంచులూ కొంగూ కోసి, కాల్చి, ఆ బూడిదను కరిగించి వెండి తీసేవారు. నా చిన్నతనంలో మా అంగడికే అలాంటి మూటలు వచ్చేవి. మా నాన్నగారు ఒక్కోసారి వాటిలోంచి మంచివి ఏరి పక్కన పెట్టాలని చూసేవారు, కానీ అప్పట్లో పాత చీరను మళ్లీ కట్టుకోవడానికి కొనేవారు ఎవరూ ఉండేవారు కాదు. ఆ మూటల్లోంచి బూడిదైన చీరలను తలచుకుంటే నాకు ఈ రోజుకీ మనసు కలుక్కుమంటుంది. వాటిలో కొన్ని కొంగుల నమూనాలు తరువాత నేను మళ్లీ ఏ మగ్గం మీదా చూడలేదు.

జరీ లేని నూలు చీరల దారి వేరు. అవి మెత్తబడేదాకా కట్టి, తరువాత బొంతలకూ, పసిపిల్లల ఉయ్యాలలకూ, చివరికి పొయ్యి దగ్గర మసిగుడ్డలకూ వాడాము. మిగిలినవి స్టీలు సామాను తెచ్చే ఆమెకు ఇచ్చి గిన్నెలు తీసుకున్నాము. నారాయణపేట గళ్ల చీరలు మన పల్లెల్లో రోజూ పనిపాటల్లో కట్టుకున్నవి కాబట్టి, నలభై యాభై ఏళ్ల నాటివి చెక్కుచెదరకుండా ఉన్నవి గద్వాల పట్టు చీరల కన్నా కూడా తక్కువ కనబడతాయి. ఈ సంగతి చాలామంది గమనించరు. ఖరీదైన చీరను పెట్టెలో దాచాము కాబట్టి అది మిగిలింది. చవకైనదాన్ని కట్టి చింపాము కాబట్టి అది లేదు. అందువల్ల పాత బట్టల విషయంలో ఒకప్పటి వెలకూ ఇప్పటి అరుదుదనానికీ పొంతన ఉండదు.

ఇక "వింటేజ్" అన్న మాట సంగతి. అది ద్రాక్షసారా వ్యాపారంలో ఫలానా ఏడాది పంటతో చేసినదని చెప్పే మాట; తరువాత బట్టలకు వచ్చింది. విదేశీ వ్యాపారంలో ఇరవై ఏళ్లు దాటిన వస్తువుకే ఆ పేరు పెట్టాలన్నది వాడుక. ఎట్సీ అనే అమ్మకపు వేదిక దాన్ని తన నిబంధనగానే పెట్టుకుంది. పాత పోకడలో కొత్తగా కుట్టినదాన్ని అక్కడ "రెట్రో" అంటారు, వింటేజ్ అనరు. ఒకప్పుడు ఆ దేశాల్లో పాత బట్టలు కొనేది ధర్మసంస్థలు నడిపే అంగళ్లలో, వారాంతపు సంతల్లో. డబ్బు లేనివాళ్లూ, ప్రత్యేకంగా కనిపించాలనుకునే కొద్దిమంది కుర్రవాళ్లూ కొనేవారు. ఇప్పుడు పెద్ద కంపెనీలే ఆ దారి పట్టాయి. లీవైస్ 2020లో తన పాత ప్యాంట్లను తానే తిరిగి కొని అమ్మడం మొదలుపెట్టింది. 2021లో ఎట్సీ, కుర్రవాళ్లు పాత బట్టలు అమ్ముకునే డీపాప్ అనే యాప్‌ను 162 కోట్ల డాలర్లకు పైగా పెట్టి కొన్నది. జారా 2022లో బ్రిటన్‌లో తన పాత బట్టల అమ్మకానికి ప్రత్యేక విభాగం తెరిచింది. పెద్ద అంగడి దిగిందంటే దాని వెనుక అద్దె, జీతాలు, ప్రకటనలు కూడా దిగుతాయి. సంతలో చవకగా దొరికినదానికి అవన్నీ కలిసి ధర పెరుగుతుంది. పాత బట్టలు చవకని నమ్మి కొనుక్కునే బీదవారికి అక్కడ మంచివి అందకుండా పోతున్నాయన్న బాధ ఆ దేశాల్లో గట్టిగానే వినిపిస్తోంది.

మన దగ్గరికి ఈ గాలి పెళ్లిళ్ల మీదుగా వచ్చింది. నాయనమ్మ చీరను పెళ్లిలో ఒక పూటైనా కట్టుకోవాలన్న కోరిక చదువుకున్న ఆడపిల్లల్లో బాగా పెరిగింది. అది మంచి కోరిక. నేను దాన్ని మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. కానీ ఆ ఫోటోలు చూసిన వారందరి ఇళ్లలో నాయనమ్మ చీరలు లేవు. లేనివారికి అమ్మడానికి ఇన్‌స్టాగ్రామ్‌లో చిన్న వ్యాపారులు పుట్టారు, వారి వెనుక పెద్ద దుకాణాలు అర ఒకటి కేటాయించాయి. బతుకమ్మ, దసరాలకు ముందు ఈ గిరాకీ మరీ ఎక్కువ. మా అంగడికి వచ్చేవారిలోనూ ఆ రోజుల్లో "కొత్తవి వద్దు, పాతవి ఏమైనా ఉన్నాయా" అని అడిగేవారు ఉన్నారు. పదేళ్ల కింద ఆ మాట నేనెన్నడూ వినలేదు.

దుకాణం వైపు నుంచి కూడా న్యాయంగా చూడాలి. కొత్త సరుకైతే ఒక రకం నచ్చగానే పాతిక చీరలు చెప్పవచ్చు. పాత సరుకు ఒక్కొక్కటీ ఒక్కో ఇంటి నుంచి రావాలి. పది చీరలు చూస్తే ఐదు మడతల దగ్గరే పిగిలి ఉంటాయి, రెండింటికి నూనె మరకలో సున్నం మరకలో పోవు. మిగిలిన మూడింటికి జాగ్రత్తగా శుభ్రం చేయించాలి, అంచు వదులైతే కుట్టించాలి, చిన్న చిరుగుకు రఫూ చేయించాలి. పాలిష్ పట్టించాలంటే పాత పట్టు ఆ వేడికి తట్టుకుంటుందన్న నమ్మకం ఉండదు. ఉదాహరణకు ఒక చీరను 5,000 రూపాయలకు కొన్నారనుకుంటే, పారేసిన చీరల నష్టం, శుభ్రం చేయించిన ఖర్చు, అమ్ముడుపోయేదాకా అరలో ఉన్న కాలం, హైదరాబాద్ అద్దె, ఇవన్నీ కలుపుకుని 11,000 లేదా 12,000కు అమ్మితే ఆ వ్యాపారిని నేను తప్పుపట్టను. అక్కడి నుంచి 18,000 దాకా ఉన్నదాన్ని మాత్రం ఆ చీర తన బలంతో నిలబెట్టుకోవాలి. ఆ బలం జరీలోనో, ఇప్పుడు నేయని నమూనాలోనో, మచ్చ లేని స్థితిలోనో ఉండాలి.

జరీ బలం ఈ మధ్య నిజంగానే పెరిగింది. 2025లో పది గ్రాముల బంగారం లక్ష రూపాయలు దాటింది, కిలో వెండి కూడా లక్ష దాటిపోయింది. అందువల్ల ఇప్పుడు అసలు జరీతో కొత్త చీర నేయించాలంటే నేతగాడు పెట్టుబడికే వెనకాడుతున్నాడు. చాలా కొత్త చీరల్లో రాగి తీగకు వెండి పూత వేసిన జరీ వాడతారు, దాన్ని వ్యాపారంలో టెస్టెడ్ జరీ అంటారు. అంతకన్నా చవకైనదానిలో లోహపు తళుకు పూసిన ప్లాస్టిక్ దారం ఉంటుంది. నాయనమ్మల కాలపు అసలు జరీ చీరకు ఆ మేరకు విలువ ఉండటం సహజమే. ఇదే కారణంగా పాత చీరలను కాల్చే వ్యాపారానికి కూడా మళ్లీ ఊపు వస్తుందేమోనన్న భయం నాకు ఉంది. ఈ ధరల రోజుల్లో మీ ఇంటి ముందుకు వచ్చి ఆశపడేంత ధర చెప్పేవాడు చీరను ఎవరికి అమ్ముతాడో అడిగి తెలుసుకోకుండా ఇవ్వకండి.

ఇప్పుడు చూసే పద్ధతి. దుకాణంలో వింటేజ్ అర మీద నాకు మూడు రకాల సరుకు కనిపించింది. నిజంగా పాతది ఒకటి. పాత నమూనాను చూసి ఈ మధ్యే మగ్గం మీద నేసినది ఇంకొకటి. మరమగ్గం బట్ట మీద పాత నమూనాను అచ్చు వేసి, రంగు కావాలని వెలిసినట్టు చేసినది మూడోది. రెండో రకం మీద నాకు గౌరవం ఉంది, దాన్ని కొత్తదని చెప్పి అమ్మితే చాలు. మూడో రకానికి ఆ అరలో చోటే ఉండకూడదు.

ముందు చీర కొసన ముద్ర ఏమైనా ఉందేమో చూడండి. సహకార సంఘాల చీరల మీద, రాష్ట్ర చేనేత సహకార సంస్థ అయిన ఆప్కో ద్వారా వచ్చిన చీరల మీద ముద్రలు ఉండేవి. ముద్రలో తెలంగాణ రాష్ట్రం అని ఉంటే అది 2014 జూన్ తరువాతిది. జోగులాంబ గద్వాల జిల్లా అని ఉంటే 2016 అక్టోబరు తరువాతిది, నారాయణపేట జిల్లా అని ఉంటే 2019 తరువాతిది. మహబూబ్‌నగర్ జిల్లా, ఆంధ్రప్రదేశ్ అని ఉంటే 2014కు ముందుదని ధైర్యంగా చెప్పవచ్చు. చిరునామాలో ఆరంకెల పిన్‌కోడ్ ఉంటే 1972 కన్నా పాతది కాదు. అసలు పట్టుకు హామీగా వేసే సిల్క్ మార్క్ 2004లో, చేనేతకు హామీగా వేసే హ్యాండ్లూమ్ మార్క్ 2006లో వచ్చాయి. యాభై ఏళ్ల చీర అని చెబుతూ దాని కొసన ఆ గుర్తు చూపిస్తే, అది ఈ మధ్య పరీక్ష చేయించి కట్టినదైనా కావాలి, చెప్పిన వయసు తప్పైనా కావాలి. ఏది నిజమో అడగండి. విదేశాల్లో కూడా వయసు కట్టేది ఇలాగే. లీవైస్ ప్యాంటు జేబు మీది ఎర్ర పట్టీలో ఇంగ్లీషు 'E' అక్షరం పెద్దదిగా ఉంటే 1971కి ముందుదని అక్కడి వ్యాపారులు చెబుతారు. ముద్ర లేకపోతే చీర కొత్తదని అర్థం కాదు, ఇంటి దగ్గర నేసి నేరుగా అమ్మినవాటికి ముద్రలు ఉండవు. అప్పుడు బట్టనే అడగాలి.

గద్వాల చీరకు ప్రాణం కుప్పడంలో ఉంది. మధ్యభాగం నూలు, అంచులు పట్టు; రెండింటి పేకలనూ, అంటే అడ్డదారాలనూ, నేసేటప్పుడే ఒకదానిలో ఒకటి మెలివేసి కలుపుతారు. అంచూ మధ్యభాగమూ కలిసే చోట చీరను తిరగేసి వేలితో రాయండి. సన్నని గట్టులాంటిది తగలాలి, వెనుక వైపు రెండు రంగుల దారాలు ఒకదాన్నొకటి పట్టుకుని తిరిగిన జాడ కనిపించాలి. ఆ జాడ లేకుండా నూలు రంగు నేరుగా అంచులోకి వెళ్లిపోతే అది కుప్పడం కాదు. కొంగు కలిసే చోట కూడా ఇదే చూడండి. అంచు బయటి కొసలో చిన్న చిన్న రంధ్రాలు వరసగా కనిపిస్తే సంతోషించండి. మగ్గం మీద బట్ట వెడల్పు కుంచించుకుపోకుండా రెండు కొసలనూ సాగదీసి పట్టే కర్ర మొనలు దిగిన గుర్తులవి. చేతి నేతకు అవి మంచి సాక్ష్యం. అయితే అవి చేతి నేత అని చెబుతాయే కానీ వయసు చెప్పవు.

వయసుకు జరీ, పట్టు, కొలత కలిపి చూడాలి. అసలు జరీ కాలం గడిచేకొద్దీ నిండుగా, కొంచెం ముదురుగా మారుతుంది. గాలి తగిలిన చోట నల్లబడుతుంది, మడత లోపల మెరుపు మిగులుతుంది. ఆ తేడా చీర అంతటా మడతల లెక్క ప్రకారం ఉండాలి. ఎక్కడ చూసినా ఒకే తీరుగా మసక ఉంటే రసాయనంతో చేసిన పనేమోనని అనుమానించాలి. అంచు కొసన వదులైన జరీ పోగును కొద్దిగా విప్పితే లోపల ఎర్రటి పట్టు దారం కనిపించడం అసలు జరీకి పాత గుర్తు. మరింత నమ్మకం కావాలంటే బంగారం అంగళ్లలో లోహపు శాతం చూపే యంత్రం ఉంటుంది, అంచును దాని కింద పెట్టి వెండి ఎంతో చూపించమని అడగవచ్చు. చీరకు ఏమీ కాదు. కాల్చి చూపిస్తానన్నవారికి మాత్రం చీర ఇవ్వకండి. ఇక కొలత. మన అవ్వల కాలపు చీరల్లో ఎనిమిది, తొమ్మిది గజాలవి చాలా ఉండేవి, కాబట్టి పొడవు కూడా వయసుకు ఒక ఆనవాలు. నారాయణపేట నుంచి మహారాష్ట్రకు వెళ్లిన తొమ్మిది గజాల చీరలు వేరే. రవిక బట్ట కలిపి నేసిన చీర అయితే అది మరీ పాతది కాకపోవచ్చునని నేను అనుకుంటాను.

చివరిగా మడతలు. చీరను పూర్తిగా విప్పించి వెలుతురుకు ఎదురుగా పట్టించండి. మడత గీతల వెంట సన్నని వెలుతురు గీతలు కనిపిస్తే పట్టు చచ్చిపోయిందని అర్థం. ఒకసారి కుచ్చిళ్లు పోసి కూర్చుంటే అది బద్దలవుతుంది. అలాంటి చీరకు గోడ మీద చట్రంలో పెట్టుకునే విలువ ఉంటుంది, కట్టుకునే విలువ ఉండదు. ధర ఆ ప్రకారం అడగండి. దుకాణాల్లో చీరను విప్పడానికి ఇష్టపడకపోతే, విప్పకుండా ఎవరూ పాత చీర కొనకూడదు కాబట్టి, మీరు లేచి రావచ్చు.

పోచంపల్లి, పుట్టపాక సరుకు మీద ఇంకా ఎక్కువ గోల్‌మాల్ జరుగుతోంది, ఎందుకంటే ఇక్కత్ నమూనాను అచ్చు వేయడం తేలిక. అచ్చు వేసిన బట్ట వెనుక వైపు రంగు పలచగా ఉంటుంది. అసలు ఇక్కత్‌లో దారానికే ముందుగా కట్లు కట్టి రంగు వేస్తారు కాబట్టి రెండు వైపులా ఒకే నిండుదనం ఉంటుంది, బొమ్మ అంచులు ఈకలా కొద్దిగా చెదిరి ఉంటాయి. పోచంపల్లిలో పట్టు నేత వచ్చింది 1970 ప్రాంతంలోనే. అంతకు ముందు అక్కడ నేసింది నూలు. అందువల్ల ఎనభై ఏళ్ల నాటి పోచంపల్లి పట్టు అని ఎవరైనా చెబితే ఆ మాటను నమ్మనక్కర లేదు. 1999కి ముందు నేసిన ఇక్కత్ చీర అయితే దాని వెనుక ఒక ఇల్లాలి చేయి ఉంది. ఒక చీరకు ఆసు పోయాలంటే, అంటే కట్లు కట్టి రంగు వేయడానికి ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పి పేర్చాలంటే, ఆమె చేతిని 9,000 సార్లు అటూ ఇటూ తిప్పవలసి వచ్చేది. ఆలేరు వైపు శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తన తల్లి భుజం నొప్పి చూడలేక ఆసు యంత్రం తయారుచేసింది ఆ ఏడాదే. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. పాత చీరకు ఎక్కువ ధర ఇవ్వడానికి నాకు తెలిసిన న్యాయమైన కారణాల్లో ఆ తొమ్మిది వేల తిప్పులు ఒకటి.

పుట్టపాక తేలియా రుమాలు గురించి ఒక మాట, ఎందుకంటే ఇప్పుడు అదీ వింటేజ్ అరల్లోకి వచ్చింది. ఎరుపు, నలుపు, తెలుపు రంగుల ఆ బట్ట నూలును నూనెలోనూ ఆముదపు కాయల బూడిద నీటిలోనూ రోజుల తరబడి నానబెట్టి, పిసికి, ఆరబెడతారు. అందువల్ల దానికి ఒక నూనె వాసన ఉంటుంది. "పాతది కాబట్టి ఈ వాసన" అని ఒక దుకాణంలో నాతోనే చెప్పారు. నిన్న మగ్గం దించిన తేలియాకు ఆ వాసన ఇంకా గట్టిగా ఉంటుంది. 2020లో ఈ నేతకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, పుట్టపాకకు చెందిన గజం గోవర్ధన, గజం అంజయ్య గార్లకు ఇక్కత్ నేతలో పద్మశ్రీలు వచ్చాయి. ఇంకా మగ్గాలు ఆడుతున్న ఊరి బట్టను అంతరించిపోయినదని చెప్పి ధర పెంచడం ఆ ఊరికి అన్యాయం.

నూరేళ్లు దాటినదని చెప్పి అమ్మేవారు కూడా ఉన్నారు. నూరేళ్లు దాటిన కళాఖండాలకు 1972 నాటి పురావస్తువుల చట్టం ఉంది. వాటి వ్యాపారానికి లైసెన్సు ఉండాలి, మామూలు మనుషులు వాటిని దేశం దాటించకూడదు. కాబట్టి అమెరికాలో ఉన్న మీ బంధువుల కోసం అలాంటిది కొనేటట్లయితే ఆ మాటను తేలికగా తీసుకోకండి.

ఇంత చెప్పాక నా మనసులోని మాట కూడా చెప్పాలి. పాత చీర ఎన్ని చేతులు మారినా, 600 నుంచి 18,000 అయినా, దాన్ని నేసిన ఇంటికి ఒక్క రూపాయి చేరదు. గద్వాలలో ఇప్పటికీ కుప్పడం వేయగల ఇళ్లు ఉన్నాయి; ఆ 18,000 తీసుకెళ్లి నేరుగా ఒక నేత కుటుంబానికి ఇస్తే వారు మీరు కోరిన రంగుల్లో కొత్త చీర నేసి ఇస్తారు, ఆ డబ్బుతో ఆ ఇంట్లో కొన్ని వారాలు మగ్గం ఆగకుండా నడుస్తుంది. పాతవి కొనవద్దని నేను అనడం లేదు. కొన్నందువల్లే ఒక చీర పొయ్యిలో పడకుండా మిగిలితే అది చాలా మంచి పని. కానీ నచ్చింది నమూనా మాత్రమే అయితే, దానికి కొత్త నేత దారి ఉందని మీకు తెలిసి ఉండాలి. దుకాణంలోని ఆ చీరకు పైన చెప్పిన పరీక్షలన్నీ చేసి, అసలు జరీ, నిజమైన కుప్పడం, వెలుతురు గీతలు లేని మడతలు, మూడూ ఉంటే 12,000 నుంచి 14,000 దాకా ఇవ్వండి. అంతకు మించి అడిగితే, ఆ నమూనా ఇప్పుడు ఎవరూ నేయడం లేదని గద్వాలలో కనుక్కున్నాకనే ఇవ్వండి.

మీ నాయనమ్మ చీరను అమ్మవద్దనే నా సలహా. ముందు దాన్ని ప్లాస్టిక్ సంచిలోంచి తీయండి. ఉతికి గంజి లేకుండా ఆరబెట్టిన తెల్లని మెత్తటి నూలు గుడ్డలో చుట్టండి. హ్యాంగరుకు వేలాడదీయకండి, జరీ బరువుకు పట్టు సాగి పిగులుతుంది. కలరా ఉండలు జరీకి తగలనివ్వకండి, అత్తరు అసలే చల్లకండి. పురుగుల భయం ఉంటే ఎండిన వేపాకును వేరే గుడ్డలో మూటకట్టి పక్కన పెట్టండి. మూడు నాలుగు నెలలకొకసారి తీసి, నీడలో కాసేపు గాలి తగలనిచ్చి, పాత గీత మీద కాకుండా వేరే చోట మడవండి. ఇంట్లో ఉతకకండి. జరీ నల్లబడిందని చింతపండుతోనో పొడులతోనో రుద్దకండి, దానితో బంగారు పూత పోతుంది.

తరువాత దాన్ని గద్వాలకు తీసుకెళ్లి ఒక అనుభవమున్న నేతగాడికి చూపించండి. కొంగు నమూనాను గ్రాఫ్ కాగితం మీదికి ఎక్కించి, మగ్గానికి ఆ నమూనాను అందించే రంధ్రాల అట్టలు కొట్టించి, మళ్లీ నేయవచ్చు. అట్టల ఖర్చు ఒక్కసారే అవుతుంది, పడుగు (నిలువు దారాలు) కూడా సాధారణంగా ఒక్క చీరకు వేయరు, మూడు నాలుగు చీరలకు కలిపి వేస్తారు. కాబట్టి మీ అక్కాచెల్లెళ్లు, మేనత్తలు, పిన్నులలో ముగ్గురు నలుగురు కలిసి ఒకే నమూనాకు వేర్వేరు రంగుల పేకలు చెప్పుకుంటే ఒక్కొక్కరి ఖర్చు బాగా తగ్గుతుంది. జరీ ఏ రకమో ముందే రాయించుకుని, అసలు జరీ అయితే సగం డబ్బు ముందుగా ఇవ్వండి, ఎందుకంటే ఈ వెండి ధరలో ఆ పెట్టుబడి నేతగాడి మీద వేయకూడదు. దసరాకు కావాలంటే వేసవి పూర్తి కాకముందే వెళ్లండి. వెళ్లేటప్పుడు చీరను మడిచి కాకుండా గుండ్రటి అట్ట గొట్టానికి చుట్టి తీసుకెళ్లండి, కొంగుకు ముందు వైపుతో పాటు వెనుక వైపు కూడా ఫోటోలు తీసి పెట్టుకోండి. నేతగాడు లెక్క కట్టేది వెనుక వైపు చూసే.